యాంటీడిసెస్టాబ్లిష్‌మెంటేరియనిజం: సిలబుల్స్ ఎన్ని, ఊనిక ఎక్కడ, మాట ఎలా కట్టారు? తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ ఉచ్చారణ చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లైంది. మొదటి వారం దాటకముందే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు ఈ మాట బయటికి తీస్తారు. సారును ఇరికిద్దామని వాళ్ల సరదా. నాకేమో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. సిలబుల్ (ఒక్క ఊపులో పలికే ముక్క), ఊనిక (స్ట్రెస్, అంటే ఒక ముక్కను ఒత్తి పలకడం), పదనిర్మాణం మూడింటినీ ఒక్క మాట మీదే చెప్పేయొచ్చు. ఏటా వచ్చే ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు ఈ మాటకు అర్థం ఏమిటో చెప్పండి. నిజంగా ఎవరైనా వాడారా?

ఒక చర్చికి రాజ్యం ఇచ్చిన అధికారిక హోదాను తీసేయడం డిసెస్టాబ్లిష్‌మెంట్. తీసేయకూడదని వాదించడం యాంటీడిసెస్టాబ్లిష్‌మెంటేరియనిజం. కథంతా ఇంగ్లండుది. 1534లో ఎనిమిదో హెన్రీ రోమ్ పోపుతో తెగతెంపులు చేసుకుని, ఇంగ్లండు చర్చికి తానే అధిపతినని చట్టం చేయించుకున్నాడు. మేరీ రాణి ఏలిన కొన్నేళ్లు వదిలేస్తే ఆ బంధం మళ్లీ గట్టిపడింది. ఇవాళ్టికీ ఆ చర్చి బిషప్పులకు బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో 26 కుర్చీలున్నాయి.

పేచీ 19వ శతాబ్దంలో ముదిరింది. ఐర్లండులో జనంలో ఎక్కువ మంది కేథలిక్కులు, అధికారిక చర్చి మాత్రం ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి శాఖ. బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం 1869లో చట్టం తెచ్చి, 1871 జనవరి 1 నుంచి ఆ హోదా తీసేసింది. వేల్స్‌కు 1914లో చట్టం చేశారు కానీ మొదటి ప్రపంచ యుద్ధం అడ్డొచ్చి 1920లో గానీ అమలు కాలేదు. ఈ గొడవలో 'తీసేయండి' అన్నవాళ్లకూ 'వద్దు' అన్నవాళ్లకూ పేర్లు కావాల్సి వచ్చాయి.

మన వైపు కూడా చిన్న కొస ఉంది. 1912లో దోర్నకల్‌కు బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పు. అప్పటికి ఇక్కడి ఆంగ్లికన్ చర్చి ఇంగ్లండు చర్చికి కొమ్మే. ఆ కొమ్మను విడదీసే చట్టం 1927లో వచ్చింది. 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. మెదక్, దోర్నకల్ డయాసిస్‌లు (ఒక్కో బిషప్పు చూసుకునే ప్రాంతాలు) ఇప్పుడు దాని కిందివే.

వాడకం సంగతికొస్తే, 'చూశారా ఎంత పొడుగు మాటో' అని చూపించడానికే దీన్ని ఎక్కువగా వాడతారు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ఉంది. అమెరికా నిఘంటువు మెరియమ్-వెబ్‌స్టర్ వాళ్లు మాత్రం అర్థంతో నిజంగా వాడినవాళ్లు చాలడం లేదని చేర్చుకోలేదు.

సిలబుల్స్ పదకొండా, పన్నెండా? గైడ్లలో రెండు రకాలుగానూ ఉంది.

పన్నెండు. పదకొండు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్తాను. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఈ మాటకు 28 అక్షరాలు, అందులో అచ్చులు సరిగ్గా పదకొండు. 'అచ్చులెన్నో సిలబుల్స్ అన్ని' అని హైస్కూల్లో నేర్చుకున్న సూత్రం పట్టుకుంటే పదకొండే వస్తుంది. మోసమంతా చివర ఉంది. ఐ, ఎస్, ఎమ్ అనే మూడక్షరాల తోకలో రాతకు అచ్చు ఒక్కటే. నోటికి మాత్రం ఎస్‌కూ ఎమ్‌కూ మధ్య చిన్న 'అ' పడి తీరుతుంది, లేదా ఎమ్మే అచ్చులాగా సాగి ఒక సిలబుల్ అవుతుంది. ప్రిజమ్, రిథమ్ కూడా ఇలాంటివే. రిథమ్‌కు స్పెల్లింగులో ఎ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటీ లేకపోయినా పలికితే రెండు సిలబుల్స్.

ఇక్కడ తెలుగువాడికి ఒక ఉచిత వరం ఉంది. మన లిపి విన్నది విన్నట్టు రాస్తుంది కాబట్టి ఆ దాక్కున్న అచ్చు బయటపడిపోతుంది. 'ఇజం' అని రాయకుండా ఉండలేం, అందులో రెండక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. మొత్తం మాట రాసి వేళ్ల మీద లెక్కపెట్టండి: యాం, టీ, డి, సె, స్టా, బ్లిష్, మెం, టే, రి, య, ని, జం. పన్నెండు. నిఘంటువు తీయకుండానే తగాదా తీరిపోయింది.

అమెరికాలో కొందరు మొదటి ముక్కను 'యాంటై' అంటారు. లెక్క మారదు.

అయితే ఏ ఇంగ్లిష్ మాటనైనా తెలుగులో రాసుకుని లెక్కపెట్టేయొచ్చా?

అంత ధీమా వద్దు. మనం మాటను మన నోటికి తగ్గట్టు మార్చుకున్నచోట లెక్క తప్పుతుంది. స్కూలు, బస్సు, రోడ్డు మనకు రెండేసి అక్షరాలు, ఇంగ్లిష్‌లో ఒక్కో సిలబుల్. చివరి ఉకారం మనం అతికించింది. ఫిలిం మనకు రెండు, వాళ్లకు ఒకటే.

ఇంకో రకం మోసం మధ్యలో జరుగుతుంది. మనం బిజినెస్ అని మూడు పలుకుతాం, వాళ్లు 'బిజ్-నెస్' అని రెండు. వెజిటబుల్ మనకు నాలుగు, వాళ్లకు 'వెజ్-ట-బుల్' మూడు. కంఫర్టబుల్‌ను చాలామంది 'కంఫ్-ట-బుల్' అనేస్తారు. స్పెల్లింగు చూసి తెలుగులోకి తెచ్చుకున్న మాటల్లో ఈ చిక్కు ఉంటుంది. చెవితో విని రాసుకుంటే ఉండదు.

మనకు గురువు, లఘువు ఉన్నాయి కదా. ఇంగ్లిష్ స్ట్రెస్ అంటే గురువేనా?

కాదు. తెలుగు బాగా చదువుకున్న పిల్లలే ఇక్కడ పడిపోతారు, అందుకని ఈ ప్రశ్నంటే నాకు ఇష్టం. పై పన్నెండు అక్షరాలకూ గురులఘువులు గుర్తించి చూడండి. యాం గురువు, టీ గురువు, డి లఘువు, సె గురువు, స్టా గురువు, బ్లిష్ గురువు, మెం గురువు, టే గురువు, రి-య-ని మూడూ లఘువులు, జం గురువు. త, మ, త, స గణాలొచ్చాయి. పాదానికి పన్నెండక్షరాలంటే జగతీ ఛందం. (ఇది ఏ వృత్తమని మాత్రం నన్నడక్కండి.)

ఎనిమిది గురువులున్నాయి. ఇంగ్లిష్‌లో అసలు ఊనిక ఒక్కచోటే. గురువు అనేది అక్షరం పట్టే కాలానికి సంబంధించింది: దీర్ఘమా, సున్న ఉందా, తర్వాత ఒత్తు ఉందా అని చూస్తాం. ఊనిక అనేది ఒక సిలబుల్‌ను చుట్టుపక్కల వాటికంటే పైకి లేపి పలకడం. గొంతు కాస్త హెచ్చుతుంది, అచ్చు నిండుగా వినిపిస్తుంది, నిడివి కూడా కొంచెం పెరుగుతుంది. మనం ఎనిమిది గురువులకూ సమాన మర్యాద ఇచ్చి పలికితే ఇంగ్లిష్ వాడికి ఎనిమిది దెబ్బలు వినపడతాయి. మాటలో కొండగుర్తు ఏదో వాడికి దొరకదు.

కాబట్టి లెక్కకు మన లిపిని నమ్ముకోవచ్చు. ఊనికకు మాత్రం వేరేచోట వెతకాలి.

ఎక్కడ వెతకాలి? ఈ మాటలో ఊనిక ఎక్కడుంది?

'టే' మీద. ఎనిమిదో సిలబుల్. యాన్-టి-డిస్-ఇ-స్టాబ్-లిష్-మన్-టే-రి-అ-ని-జమ్.

ఎందుకక్కడ అంటే, పొడుగు మాటల్లో ఊనికను చాలావరకు తోక నిర్ణయిస్తుంది. పిల్లలు మాటను మొదట్నుంచి చదువుకుంటూ వస్తారు, తోక దగ్గరికొచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. తోక నుంచి వెనక్కి రమ్మని నేను చెప్తాను.

తోకలు రెండు జాతులు. మొదటిది నెమ్మదైన జాతి, ఎక్కడ అతికినా పాత ఊనికను కదపదు. 'మెంట్' అలాంటిది. గవర్న్‌లో ఊనిక 'గ' మీద, గవర్న్‌మెంట్‌లోనూ అక్కడే. 'ఇజమ్' కూడా అంతే: క్యాపిటల్, క్యాపిటలిజమ్ రెండిట్లోనూ 'క్యా' మీదే. 'నెస్', 'ఫుల్', 'లెస్' కూడా ఈ బాపతే.

రెండోది పెత్తనం చేసే జాతి. అది వచ్చిందంటే ఊనిక దాని మాట వినాల్సిందే. 'ఏషన్' వస్తే 'ఏ' మీదికి: ఇన్‌ఫామ్‌లో 'ఫా' మీద ఉన్నది ఇన్ఫర్మేషన్‌లో 'మే' మీదికి వెళ్తుంది. 'ఇటీ' వస్తే దాని ముందు సిలబుల్ మీదికి: నేషనల్‌ను న్యాషనల్ అంటూ 'న్యా' మీద ఊనుతారు, న్యాషనాలిటీలో అది 'నా' మీదికి జరుగుతుంది. 'ఇక్' కూడా తన ముందుదాన్నే పట్టుకుంటుంది: డెమొక్రాట్‌లో 'డె', డెమొక్రాటిక్‌లో 'క్రా'. అరిత్మెటిక్, పాలిటిక్స్, క్యాథలిక్ లాంటివి ఈ సూత్రాన్ని లెక్కచేయవు. వాటిని బట్టీ పట్టడమే. 'ఈర్', 'ఈ' అనే తోకలైతే ఊనికను తమ నెత్తినే పెట్టుకుంటాయి: ఇంజనీర్‌లో 'నీర్', ఎంప్లాయీలో 'యీ'.

మన మాటలో పెత్తందారు 'ఏరియన్'. లైబ్రరీలో ఊనిక 'లై' మీద, లైబ్రేరియన్‌లో 'బ్రే' మీద. పార్లమెంట్‌లో 'పా', పార్లమెంటేరియన్‌లో 'టే'. అదే దారిలో ఎస్టాబ్లిష్‌మెంట్‌కు 'ఏరియన్' తగలగానే 'స్టా' మీదున్న ఊనిక 'టే' మీదికి దూకింది. తర్వాత వచ్చిన 'ఇజమ్' నెమ్మదైనది కాబట్టి దాన్ని అక్కడే ఉండనిచ్చింది.

క్లాసులో ఈ దూకుడు చూపించడానికి నాకు బాగా పనికొచ్చే మాట డాక్యుమెంట్. ఊనిక 'డా' మీద. డాక్యుమెంటరీలో 'మెన్' మీద. డాక్యుమెంటేషన్‌లో 'టే' మీద. తోక పెరుగుతున్న కొద్దీ ఊనిక వెనకాలే నడిచింది.

పాత ఊనిక పూర్తిగా పోయినట్టేనా?

పోలేదు, హోదా తగ్గింది. 'స్టాబ్' మీద ఇప్పుడు రెండో రకం ఊనిక మిగిలింది. మొదటి సిలబుల్ 'యాన్' మీద కూడా అలాంటిదే ఒకటి ఉంది. నిఘంటువులో సిలబుల్ ముందు పైభాగంలో చిన్న నిలువు గీత ఉంటే అసలు ఊనిక, కింది భాగంలో ఉంటే రెండోది. గీత సిలబుల్‌కు ముందు వస్తుందని మరిచిపోవద్దు. తర్వాత వస్తుందనుకుని పక్క సిలబుల్‌ను ఒత్తి పలికేవాళ్లను ఏటా చూస్తూనే ఉన్నాను.

మరి మిగతా సిలబుల్స్?

నలిగిపోతాయి. ఎస్టాబ్లిష్‌మెంట్ అని మనం 'మెం' నిండుగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో అది 'మన్'కూ 'మ్న్'కూ మధ్య ఎక్కడో ఉంటుంది. దానికి తెలుగులో గుర్తు లేదు. మన 'అ'ను బాగా బద్ధకంగా పలికితే దగ్గరికొస్తుంది. చివరి 'జమ్'లోనూ, 'రి' తర్వాతి 'అ'లోనూ వినపడేది ఇదే. తెలుగులో ఏ అచ్చునూ అలా నలపం, అందుకని తప్పు చేస్తున్నామేమో అనిపిస్తుంది. అనిపించినా నలపండి. ఊనిక ఉన్నదాన్ని గట్టిగా పలకడంకంటే లేనివాటిని తగ్గించి పలకడమే మనకు కష్టం.

మాట ఏ వరసలో పెరిగింది? ఏ ముక్క ముందు అతికింది?

గర్భంలో ఉన్నది లాటిన్ 'స్టాబిలిస్', అంటే స్థిరమైనది. దాని వెనక 'స్టారే', నిలబడటం. మన స్థిరం, స్థానం, సంస్థ, వ్యవస్థ, స్థాపన పుట్టిన 'స్థా' ధాతువుకూ దీనికీ మూలం ఒకటే. ఎస్టాబ్లిష్‌కు 'స్థాపించు' అని అర్థం రాసుకున్న ప్రతిసారీ దూరపు చుట్టాన్నే పక్కన కూర్చోబెడుతున్నాం.

లాటిన్ మాట ఫ్రెంచిలోకి వెళ్లేటప్పుడు ముందు ఒక అచ్చు వచ్చి చేరింది, 'ఎస్టాబ్లిర్' అయింది. స్కూలును మన ఊళ్లలో ఇస్కూలు అన్నట్టే. ఆ అచ్చునే ఇంగ్లిష్ వాళ్లు ఇప్పటికీ మోస్తున్నారు. ఇస్కూలు అన్నందుకు నవ్వేవాళ్లకు ఎస్టాబ్లిష్ చూపించండి. చివరి 'ఇష్' కూడా ఫ్రెంచి నుంచి వచ్చిందే, ఫినిష్, పనిష్‌లలో ఉన్నది. చైల్డిష్‌లోని 'ఇష్'తో దీనికి బంధుత్వం లేదు.

అక్కణ్నుంచి మెట్లు ఇలా: ఎస్టాబ్లిష్ క్రియ. దానికి ముందు 'డిస్' చేరితే డిసెస్టాబ్లిష్, హోదా తీసేయడం. 'మెంట్' చేరితే నామవాచకం. 'ఏరియన్' చేరితే అలా తీసేయాలనే మనిషి. 'ఇజమ్' చేరితే ఆ మనిషి వాదం. 'యాంటీ' చేరితే దానికి ఎదురు వాదం.

'డిస్' ముందు అతికిందా, 'మెంట్' ముందా అని పరీక్షల్లో చెట్టు బొమ్మ గీయమంటారు. 'డిస్'కు క్రియలంటే ఇష్టం (డిసగ్రీ, డిసప్పియర్) కాబట్టి అదే ముందని నా ఓటు. డిసగ్రీ ముందు పుట్టాకే కదా డిసగ్రీమెంట్. 'యాంటీ', 'ఇజమ్' సంగతి ఇంత తేలిక కాదు. యాంటీ చేరిన మనిషికి ఇజమ్ తగిలించినా, ఇజమ్ చేరిన వాదానికి యాంటీ తగిలించినా అర్థం దాదాపు ఒక్కచోటికే చేరుతుంది. రెండు బొమ్మలకూ మార్కులు వేస్తాను.

'యాంటీ' ఒక 'కాదు', 'డిస్' ఇంకో 'కాదు'. రెండూ కొట్టుకుపోయి ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం మిగలాలి కదా?

లెక్కల మాస్టారి ప్రశ్న. కొట్టుకుపోవు. కొత్తగా పెట్టమనడం వేరు, ఉన్నదాన్ని తీయొద్దనడం వేరు. విగ్రహం పెట్టాలని చందాలు వసూలు చేసేవాళ్లూ, ఉన్న విగ్రహం తీస్తే ఊరుకోమనేవాళ్లూ ఒకే మనుషులు కానక్కర్లేదు.

ముక్కలు విడిపోయేచోటే సిలబుల్స్ కూడా విడిపోతాయా?

విడిపోవు. సంధులు చదివిన మనకు ఇది వివరించనక్కర్లేదు. రాముడు, అతడు కలిస్తే రాముడతడు అవుతుంది, 'డ' సగం ఇటుది, సగం అటుది. అలాగే అర్థం ప్రకారం 'మెంట్' ఒక ముక్క, 'ఏరియన్' ఒక ముక్క. నోట్లో మాత్రం ఆ 'ట్' ముందుకు జరిగి 'టే' అవుతుంది. 'ఏరియన్', 'ఇజమ్' మధ్య 'న్' కూడా జరిగి 'ని' అవుతుంది. అర్థం ముక్కలు ఆరు: యాంటీ, డిస్, ఎస్టాబ్లిష్, మెంట్, ఏరియన్, ఇజమ్. సిలబుల్స్ పన్నెండు. ఈ రెండు లెక్కలనూ కలిపేసి రాసే జవాబులు కుప్పలుగా వస్తాయి.

మూలాలు కూడా కలగలుపే. తల, తోక (యాంటీ, ఇజమ్) గ్రీకువి. నడుమంతా లాటిన్, కొంత ఫ్రెంచి మీదుగా వచ్చింది. స్పెల్లింగ్ బీ పోటీల్లో పిల్లలు స్పెల్లింగు చెప్పేముందు 'ఇది ఏ భాష నుంచి వచ్చింది' అని అడిగేది అందుకే. మూలం తెలిస్తే ఏ అక్షరం రావచ్చో సగం తెలిసిపోతుంది.

ఇంగ్లిష్‌లో అన్నిటికంటే పొడుగు మాట ఇదేనా?

కాదు. 'ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్' దీనికంటే ఒక్కక్షరం ఎక్కువ, 29. పనికిరానిదని తీసిపారేయడం అని అర్థం. దానికీ సిలబుల్స్ పన్నెండే, కానీ తోక 'ఏషన్' కాబట్టి ఊనిక పదకొండో సిలబుల్ 'కే' మీద. సిలబుల్స్ సమానంగా ఉన్న రెండు మాటల్లో ఊనిక ఇంత దూరంగా ఉండటం చూస్తే తోక పెత్తనం ఎంతటిదో తెలుస్తుంది. న్యూమోనోతో మొదలయ్యే 45 అక్షరాల ఊపిరితిత్తుల జబ్బు పేరు ఇంకొకటుంది. అది 1935లో అమెరికాలో పజిల్ ప్రియుల సంఘం అధ్యక్షుడు కావాలని కూర్చింది, జబ్బు పేరుగా డాక్టర్లకు దానితో పనిలేదు.

నోరు తిరగడం లేదు. ఎలా సాధన చేయాలి?

తోక నుంచే. జమ్. నిజమ్. అనిజమ్. రిఅనిజమ్. టేరిఅనిజమ్. ఇక్కడ ఆగి, 'టే' మీద చిటికె వేస్తూ పదిసార్లు అనండి. తర్వాత ముందు భాగం విడిగా: యాంటి-డిస్-ఇ-స్టాబ్-లిష్-మన్. రెండూ కుదిరాక కలపండి. ముందు నుంచి మొదలుపెట్టి ప్రతిసారీ మధ్యలో తడబడితే ఆ తడబాటే అలవాటవుతుంది. వెనక నుంచి వస్తే ప్రతిసారీ తెలిసినచోటికే చేరతారు, గొంతు తడబడదు.

సరే సార్, ఇదంతా ఉద్యోగానికి పనికొస్తుందా?

ఈ మాట పనికిరాదు. దీని పద్ధతి పనికొస్తుంది. నేను డిగ్రీ అయ్యాక ఒక ఇంటర్వ్యూలో 'డెవలప్‌మెంట్' అని 'డె' మీద ఊని నాలుగుసార్లు అన్నాను. ఎదురుగా ఉన్నాయన నాలుగోసారికి 'యూ మీన్ డివెలప్‌మెంట్?' అన్నాడు. ఉద్యోగం రాలేదు, అందుకేనని చెప్పలేను. ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే పైగీత 'వె' ముందుంది. 'మెంట్' నెమ్మదైన తోక కదా, డెవలప్‌లో 'వె' మీద ఉన్నదాన్ని అక్కడే వదిలేసింది. అదే ఊపులో ఇంకా వెతికాను. హోటల్‌లో 'టె' మీద, ఈవెంట్‌లో 'వె' మీద, కమిటీలో 'మి' మీద, ఫొటోగ్రఫీలో రెండో సిలబుల్ 'టా' మీద. ఆఫీసులో 'ఫీ' అని మనం దీర్ఘం తీస్తాం, వాళ్ల ఊనిక 'ఆ' మీద. రోజూ వాడే మాటల్లో నేను తప్పు పలుకుతున్నవి ఆ ఒక్క సాయంత్రమే నోటు పుస్తకంలో రెండు పేజీలయ్యాయి. ఆ పుస్తకం ఇంకా ఉంది, మొదటి వారం క్లాసుకు తీసుకెళ్తుంటాను.